ఎముకలో దొరికిన రాడ్డు మా అన్నయ్యదేనని ఎలా తేల్చాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మా అన్నయ్య ఏడాదిన్నరగా కనబడటం లేదు. మిస్సింగ్ కేసు పెట్టాం. మొన్న ఒక జీడితోటలో ఎముకలు దొరికాయి. తొడ ఎముకలో స్టీలు రాడ్డు ఉందట. 2022లో బైకు మీంచి పడి అన్నయ్యకు కుడి తొడ విరిగితే ఆరోగ్యశ్రీలో రాడ్డు వేశారు. ‘రాడ్లు చాలామందికి వేస్తారు, అది సాక్ష్యం కాదు’ అంటున్నారు పోలీసులు. మరణ ధ్రువపత్రానికి ఏడేళ్లు ఆగాలా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక్క సంగతి కనుక్కోండి. ఆ ఎముక కుడి తొడదా, ఎడమదా? ఎడమదైతే మీ అన్నయ్య కాదు, వెతకడం ఆపకండి.

కుడిదే అయినా రాడ్డు ఒక్కటే చాలదన్నది నిజం. దాని మీద మామూలుగా కంపెనీ గుర్తు, సైజు, లాట్ నంబరు ఉంటాయి. ఒకే లాట్‌లో ఎన్నో రాడ్లు తయారవుతాయి. అసలు బలం ఎక్స్‌రేలో ఉంది. ఎముక ఎక్కడ విరిగింది, ఎలా అతుక్కుంది, స్క్రూలు ఎన్ని, ఏ వాలులో దిగాయి అన్నవన్నీ ఇద్దరు మనుషుల్లో అచ్చంగా కలవడం చాలా అరుదు. పాత ఎక్స్‌రేను, దొరికిన ఎముకకు తీసిన ఎక్స్‌రేను పోల్చి ఫోరెన్సిక్ డాక్టరు చెప్పే అభిప్రాయం భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 39 కింద నిపుణుడి సాక్ష్యమే.

అందుకే ఇంట్లో అటక మీద, బీరువా వెనక ఆ పాత ఎక్స్‌రే కవరు వెతకండి. దొరక్కపోతే ఆసుపత్రిలో కేస్ షీటు, ఇంప్లాంట్ స్టిక్కరు (వేసిన రాడ్డు వివరాలుండే చీటీ) రాతపూర్వకంగా అడగండి. రికార్డులు మూడేళ్లు దాచాలన్నది నిబంధన, మీకు ఆ గడువు దాటి ఉండొచ్చు. అయినా నిరాశ పడకండి. ఆరోగ్యశ్రీ బిల్లు కోసం ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలను ఆ పథకం నడిపే ట్రస్టుకు పంపుతారు. వాటిని తెప్పించమని పోలీసులకు అర్జీ పెట్టండి.

అదే అర్జీలో మరో రెండు మాటలు తప్పక రాయండి. ఎక్స్‌రే తీసేవరకు రాడ్డును ఎముకలోంచి లాగొద్దని ఒకటి, లాగేస్తే పోల్చడానికి స్క్రూల వరస మిగలదు. అమ్మ రక్త నమూనాతో డీఎన్ఏ పరీక్ష చేయించమని రెండోది. ఆ రిపోర్టు రాకముందు ఎముకలు అప్పగించినా దహనం చేయకండి.

ఏడేళ్ల నియమం జాడే తెలియనివారికి. గుర్తింపు తేలితే ఆగనక్కర్లేదు. చనిపోయి ఏడాది దాటిందని తేలితే మాత్రం నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, ఆర్డీఓ ఆఫీసులో అడగండి. స్టేషన్‌లో అర్జీ తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.