గేమ్ ఆడి అగ్నివీర్ అవుతాడట!

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బాబు ఇంటర్ సెకండియర్. రాత్రి ఒంటిగంట దాకా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడుతూ "వెనకున్నడు, లేపెయ్‌రా" అని అరుస్తుంటాడు. కసురుకుంటే, "అగ్నివీర్‌కు పోతా, ఇదే నా ట్రైనింగ్" అంటాడు. వాడి మనసు బండబారిపోతుందేమోనని టెన్షన్. మావారు ఫోన్ పగలగొడతానంటున్నారు. ఏం చేయాలి మేడమ్?

జవాబు: అమ్మా, అర్ధరాత్రి ఆ అరుపులు వింటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. కానీ గేమ్‌లో అరిచిన ప్రతి పిల్లాడూ క్రూరుడైపోడు. ఇంట్లో ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటుంటే అది వేరే సంగతి. మీరు అలాంటిదేమీ రాయలేదు. నాకు కనిపిస్తున్నవి రెండు: చెడిపోతున్న నిద్ర, యుద్ధమంటే ఇంతేననే భ్రమ.

ఆ భ్రమకు వాణ్నొక్కణ్నే అనలేం. కుర్రాళ్లను సైన్యం వైపు లాగడానికి అమెరికా సైన్యమే 2002లో 'అమెరికాస్ ఆర్మీ' అనే గేమ్ తెచ్చి ఉచితంగా ఇచ్చింది. యుక్రెయిన్‌లో సైనికులు కళ్లకు గాగుల్స్ పెట్టుకుని, చేత్తో కంట్రోలర్ తిప్పుతూ డ్రోన్లు నడుపుతున్నారు. కాబట్టి గేమ్‌కూ యుద్ధానికీ సంబంధమే లేదని వాదనకు దిగితే మీరే ఓడిపోతారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు గేమ్ వీడియోలనే అసలు దాడులంటూ ఫోన్లలో తిప్పారు. వాడు వాటిని నమ్మాడా అని అడిగి చూడండి, మాట అక్కడ మొదలవుతుంది.

సూర్యాపేట మీకు దగ్గరే. ఓ ఆదివారం కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం దగ్గరికి తీసుకెళ్లండి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి మన సైనికులు 20 మంది చనిపోయారు. తుపాకీ పేలలేదు. రాళ్లు, ఇనుప రాడ్లు, ఎముకలు కొరికే చలి. ఇది ఏ గేమ్‌లో ఉందిరా అని అడిగి ఊరుకోండి. అంతకుమించి క్లాస్ పీకొద్దు.

అగ్నివీర్ మాటను మాత్రం ఎగతాళి చేయకండి. నోటిఫికేషన్ వాడితోనే చదివించండి: ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగు. నాలుగేళ్లయ్యాక కొనసాగించేది నూటికి 25 మంది దాకానే. పొద్దున ఐదింటికి గ్రౌండ్‌లో ఉండాలంటే పదింటికల్లా పడుకోక తప్పదు. నెలైనా లేవలేదంటే వాడికి కావాల్సింది సైన్యం కాదు, దోస్తులతో ఆట. అప్పుడు గేమ్‌కు గంటో గంటన్నరో టైమ్ పెట్టి, చదువు సంగతి మాట్లాడండి.

ఇక మీవారి కోపం. ఫోన్ పగిలితే వాడు దోస్తు ఫోన్‌లో ఆడతాడు, మీకు మాత్రం చెప్పడు. పొద్దున్నే బండి మీద గ్రౌండ్ దగ్గర దింపే పని ఆయనకే అప్పగించండి.