ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోయిందంటే డబ్బులిచ్చే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయని, చూడ్డానికి వచ్చినతను గ్యాస్ అయిపోయిందన్నాడని నిన్న ఫోన్‌లో టెన్షన్ పడ్డావు. అతనికి డబ్బులిచ్చే ముందు ఇది చదువు.

ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్‌లా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు చూపించి, మూశాకే గ్యాస్ ఎక్కించమను. లేదంటే కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది.

పైగా మీ ఫ్రీజర్‌లో ఐసు గట్టిగానే కడుతోందన్నావు. అందుకే నాకు గ్యాస్ మీద అనుమానం లేదు. మీది రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచు దానంతటదే కరిగే రకం. అందులో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనకాల. ఒక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని కింది అరలకు తోస్తుంది. అక్కడ పేరుకునే మంచును హీటర్ ఎప్పటికప్పుడు కరిగిస్తుంది. అది పనిచేయకపోతే మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. అప్పుడు పైన ఐసు కడుతుంది, కింద పాలు విరుగుతాయి. ముందు గాలి వచ్చే రంధ్రాలకు కొత్తిమీర కవర్లు, గిన్నెలు అడ్డం లేకుండా చూడు. తర్వాత సామానంతా పక్కింట్లో పెట్టి, ప్లగ్ తీసేసి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలెయ్. కింద పాత గుడ్డలు పరుచు. మళ్లీ వేశాక బాగా పనిచేసి, వారం పది రోజులకు అదే తంతు మొదలైతే, చూడాల్సింది హీటర్, దాని టైమర్, సెన్సర్. వచ్చినతనికి ఈ మాటే చెప్పు.

తలుపు రబ్బరు కూడా చూడు. పది రూపాయల నోటు సందులో పెట్టి తలుపు మూసి లాగు. సులువుగా వచ్చేస్తే పట్టు వదిలినట్టు. సబ్బునీళ్లతో జిడ్డు తుడిస్తే చాలాసార్లు మళ్లీ అతుక్కుంటుంది. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలిస్తే వెనకున్న చిన్న రంధ్రం పూడిపోయింది. గోరువెచ్చని నీళ్లు పోస్తే తెరుచుకుంటుంది. పక్కలు వేడెక్కడం జబ్బు కాదు. వేడి బయటికి పంపే గొట్టాలు అక్కడే ఉంటాయి. గోడకు బెత్తెడైనా ఎడం ఉంచు.

మీ అమ్మకు మాత్రం గట్టిగా చెప్పు. ఆమెది సింగిల్ డోర్. ఐసును కత్తితో గీకొద్దు. మీ పెద్దమ్మ ఒకసారి అతుక్కున్న చికెన్ ప్యాకెట్‌ను కత్తితో లేపబోతే గొట్టానికి చిల్లు పడి బుస్సుమని గ్యాసంతా పోయింది. ఇన్నేళ్లు ఫ్రిజ్‌లు బాగుచేసిన నా ఇంట్లోనే అలా జరిగింది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్ 600ఏ మండే గ్యాస్. అలా బుస్సుమంటే స్విచ్చులు ముట్టుకోకుండా, స్టవ్ వెలిగించకుండా కిటికీలు తెరవాలి. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి ఓపిక పట్టమను.

కరెంటు పోయి వస్తే అయిదు నిమిషాలు ఆగి వెయ్యి. తక్కువ వోల్టేజీలో గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్ టక్కుమని ఆగిపోతుంటే స్టెబిలైజర్ పెట్టించు. ఒంటికి షాక్ తగిలితే మాత్రం ఇవేవీ చూడకు. మెయిన్ ఆపి, ప్లగ్ తీసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించు.

మంచు కరిగించి ఫ్రిజ్ వేశాక, కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఫ్రీజర్ వెనక ఫ్యాన్ శబ్దం వస్తోందో లేదో విని, సాయంత్రం నాకు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న