కాన్పుకు ఫోటోగ్రాఫరును పిలవడం సిగ్గుచేటా? భర్త ఫోనుతో తీస్తే సరిపోదా?

"ఆ సమయంలో ఫోటోలేమిటి, సిగ్గు లేకుండా" అని మీ అత్తగారు అన్నారని రాశారు. ఆవిడ ఎలాంటి ఫోటో ఊహించుకున్నారో నాకు తెలుసు, ఎందుకంటే అందరూ అదే ఊహించుకుంటారు. హైదరాబాదులో పెళ్ళి ఫోటోలు తీస్తూ, అడిగినవారి కాన్పులకు కూడా వెళ్ళేదాన్ని కాబట్టి చెబుతున్నాను: అలాంటి ఫోటో ఎవరూ అడగరు, నేనూ తీయను. నేను నిలబడేది మంచానికి తలవైపు. అక్కడి నుంచి కనిపించేవి చెమట పట్టిన నుదురు, ఆమె గట్టిగా పట్టుకున్న చెయ్యి, ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళ ముఖం.

ఇక మీవారి ఫోను సంగతి. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండనివ్వండి. ఒకటి మీరు పట్టుకోవడానికి, రెండోది మంచినీళ్ళ సీసా అందించడానికి. ప్రసవమప్పుడు తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. మన కేంద్ర ప్రభుత్వం అంతకు ముందే, 2016లో, సర్కారు ఆసుపత్రుల్లో తోడు మనిషిని అనుమతించమంది. తీరా వెళ్తే "లోపల చోటు లేదండీ" అనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంత పోట్లాడి లోపలికి వెళ్ళిన భర్త వీడియో తీస్తూ నిలబడితే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళ కిందట హనుమకొండలో ఒక కాన్పుకు వెళ్ళాను. మొదటి కాన్పు, కాబట్టి పుట్టింటి ఊళ్ళోని ఆసుపత్రిలోనే. డాక్టరమ్మ ముందే ఒప్పుకుంది. వరండాలో బెంచీ మీద వియ్యపురాళ్ళిద్దరూ, మధ్యలో టిఫిన్ డబ్బాలు. అత్తగారు నన్ను ఎగాదిగా చూసి "పురిటి గదికి కెమెరా ఎందుకమ్మా?" అని అడగనే అడిగింది. రాత్రంతా ఆ అమ్మాయి వరండాలో నడుస్తూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా గోడకు నుదురు ఆనించి, తల్లి కొంగును గుప్పిట్లో బిగించేది. నొప్పి తగ్గగానే ఏమీ జరగనట్టు "అమ్మా, నువ్వేమైనా తిన్నావా?" అని అడిగేది. తల్లి కొంగు సర్దుకోవడం ఎప్పుడో మానేసింది. ఆ నలిగిన కొంగు, దాన్ని పట్టుకున్న గాజుల చెయ్యి: ఆ రాత్రి నేను తీసిన వాటిలో దాన్ని మించినది లేదు. ఫ్లాష్ వాడను, లెన్సు 35 ఎం.ఎం., తక్కువ వెలుతురులోనూ ఫోటో పడాలని ఐఎస్ఓ 6400. ఫోటో గరుకుగా వస్తే రానీయండి. చప్పుడు కాకూడదని సైలెంట్ షట్టర్ పెడితే కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటో నిండా చారలు పడతాయి, అందుకని మామూలు షట్టరే. ఆ నొప్పుల్లో నా కెమెరా టిక్కుమంటే ఎవరికి పట్టింది!

తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. ఆయమ్మ గుడ్డలో చుట్టి బయటికి తీసుకువెళ్తుంటే నేనూ వెనకే వెళ్ళాను. పుట్టబోయేది ఎవరో ముందుగా చెప్పడం మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం నేరం కదా, కాబట్టి ఆ తలుపు తెరుచుకునేదాకా ఎవరికీ తెలియదు. అమెరికాలో మనవాళ్ళు నీలం, గులాబీ రంగుల కేకులు కోసి తెలుసుకునేది ఇక్కడ వరండాలో తెలుస్తుంది. అందుకే ఆ క్షణానికి నేను లోపల ఉండను. "ఆడపిల్ల" అంది ఆయమ్మ, అంటూనే చెయ్యి చాపింది. "మగపిల్లాడైతే వెయ్యి అడిగేదాన్ని, మీరు ఐదు వందలు ఇవ్వండి చాలు." అత్తగారు పర్సు తీసి వెయ్యి లెక్కపెట్టి ఇచ్చింది. "మగపిల్లాడి రేటే తీసుకో" అంది. ఆ ఫోటోలో బిడ్డ సరిగ్గా కనబడదు కూడా. నోట్లు, ఆయమ్మ ముఖం, పక్కన వియ్యపురాలి నవ్వు. ఇలా బేరమాడి డబ్బు గుంజడాన్ని ఆసుపత్రులు ఎందుకు ఆపవో నాకు అర్థం కాదు.

ఈలోగా తాతగారు సిద్ధాంతిగారికి ఫోను కలిపారు. నర్సు రాసిన సమయం 4:12. గోడ గడియారం ముందుకు నడుస్తోందని నేను రాత్రే గమనించాను. బిడ్డ తొలిసారి నోరు తెరిచిన ఫోటో మీద నా కెమెరా 4:06 అంటోంది. కాసేపు వాదన జరిగాక జాతకం కెమెరా సమయానికే రాయించారు. కాన్పుకు బయలుదేరే ముందు కెమెరా గడియారం సరిచూసుకోవడం నాకు అలవాటు, ఇందుకే.

జాతకం మాట ఎలాగూ వచ్చింది. ముహూర్తం పెట్టించుకుని సిజేరియన్‌కు రమ్మనేవాళ్ళు నాకు తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వంద కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42. ఇందులో పంచాంగం వాటా చిన్నది కాదని నా గట్టి నమ్మకం, డాక్టర్లు ఏమన్నా సరే. అవసరమై కోత పడితే దానికీ ఫోటోలు ఉండాల్సిందే. కోత కనబడకుండా అడ్డం కట్టిన తెరకు ఇవతల, తల్లి బుగ్గకు బిడ్డ బుగ్గ ఆనించే ఘడియ ఏ కాన్పుకూ తీసిపోదు.

నాకు నచ్చనిది స్టూడియో వ్యవహారం. బారసాల కూడా కాని పసిగుడ్డును బుట్టలో పడుకోబెట్టి, మే నెలలో ఉన్ని టోపీ తొడిగి తీస్తారు. ఆ ఆల్బమ్ మొత్తం తిరగేసినా కన్నతల్లి ఒక్క పేజీలోనూ కనిపించదు. రాత్రంతా నొప్పులు పడింది ఎవరండీ, ఆ బుట్టా?

మీరు తీయించుకోండి. ఏడో నెలలోనే డాక్టరుతో మాట్లాడి అనుమతి కాగితం మీద తీసుకోండి, చివరి రోజున డ్యూటీలో ఎవరుంటారో తెలియదు. ఆపరేషన్ థియేటర్లో క్రిములు చేరకూడదని ఆకుపచ్చ గుడ్డలు పరిచిన చోటికి దూరంగా ఉండటం తెలిసిన ఫోటోగ్రాఫరునే పిలవండి. అత్తగారికి కెమెరా ఎటువైపు ఉంటుందో చెబితే చాలావరకు మెత్తబడతారు. చేర్చుకునేటప్పుడు ఆసుపత్రివాళ్ళు కాగితాల మధ్యలో "మా పేజీలో ఫోటోలు పెట్టుకోవడానికి సమ్మతి" అని ఒకటి ఇస్తే, దాని మీద మాత్రం సంతకం పెట్టకండి.