జ్వరంతో డ్యూటీకెళ్లే పిన్నిని చూసి నర్సింగ్ వద్దనుకోవాలా?

మీ అమ్మాయి నర్సింగ్ చదువుతానంటోంది, నర్సుగా చేస్తున్న మీ చెల్లెలేమో జ్వరం మాత్ర వేసుకుని మరీ డ్యూటీకి పోతోంది, "ఒంట్లో బాగోకపోయినా సెలవు దొరకని ఉద్యోగం పిల్లకెందుకు" అని అడిగారు.

సెలవు ఉంటుందండీ, చిక్కంతా అడిగే దగ్గరే. పొద్దున షిఫ్ట్‌కి రాలేనని ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఫోన్ చేస్తే అవతల కాసేపు మాట ఉండదు, తర్వాత "సరేలే, నైట్ చేసినామెనే ఉండమంటా" అంటారు. రాత్రంతా నిలబడిన ఆ మనిషి ఎవరో, ఇంటి దగ్గర ఆమె కోసం ఎదురుచూసే చంటిపిల్ల ఎవరో మీ చెల్లెలికి తెలుసు. ఇక పడుకోబుద్ధవుతుందా? ఆఫీసు ఫైలైతే రేపటికి ఆగుతుంది, పేషెంటుకి ఆరు గంటలకి పడాల్సిన యాంటీబయాటిక్ ఆగదు కదా.

మొహమాటం ఒక్కటే కాదు లెండి. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు చాలాచోట్ల రాని రోజు జీతం కట్, కొత్తవాళ్లకు పేరు పోతుందని భయం. పైగా మనుషులే తక్కువ: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2023 నాటికి ప్రపంచం మొత్తం మీద 58 లక్షల మంది నర్సుల కొరత.

దీన్ని త్యాగమని పొగిడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది, వైరస్‌ని కాదు. ఫ్లూ అయితే లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచి, వచ్చాక ఐదు నుంచి ఏడు రోజుల దాకా అంటుకుంటుంది, ఎదురుగా ఉన్నది క్యాన్సర్‌కి కీమో మందులు వాడి రోగనిరోధక శక్తి తగ్గిన పేషెంటైతే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే, వాంతులు విరేచనాలైతే ఆగాక 48 గంటలు గడిస్తేనే వార్డులోకి వెళ్లాలి. ఈ రెండూ మీ అమ్మాయి మొదటి ఏడాదే ఒంటబట్టించుకోవాలి.

చదవనివ్వండి. ఉద్యోగంలో చేరే ముందు మాత్రం జీతంతో పాటు ఇంకోటి కూడా అడగమనండి: ఎవరైనా సిక్ లీవ్ పెడితే వాళ్ల బదులు ఎవరొస్తారు? "అదనంగా ఇద్దరు సిస్టర్లుంటారు" అంటే ఒక రకం, "అందరం సర్దుకుంటాం" అంటే ఇంకో రకం. ఇదే ప్రశ్న ముందు మీ చెల్లెల్ని అడగండి, అమ్మాయిని పక్కనే కూర్చోబెట్టుకుని.