పాస్‌పోర్ట్ బీరువాలో ఉంటే పౌరసత్వం ఉన్నట్టేనా?

పోయిన సంచికలో ఓసీఐ కార్డు (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, పరాయి దేశపు పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే జీవితకాలపు వీసా) గురించి నాలుగు ముక్కలు రాశామో లేదో, మెయిళ్ళు వరస కట్టాయి. అడిగిన తీరు వేరైనా సగం మంది సందేహం ఒకటే: అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, మరి ఇండియన్ పాస్‌పోర్ట్ ఏం చేయాలి? అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: నాకు ఓత్ (అమెరికా పౌరసత్వ ప్రమాణం) అయి రెండేళ్ళు దాటింది. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇంకా అయిదేళ్ళ గడువుంది. ఇప్పుడు ఓసీఐకి అప్లై చేద్దామంటే రినన్సియేషన్ సర్టిఫికెట్ (పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం) కావాలంటున్నారు. అది తీసుకుంటే నా భారత పౌరసత్వం పోతుంది కదా, మనసొప్పడం లేదు. అది లేకుండా ఏదైనా దారి ఉందా? ఓత్ తర్వాత పాత పాస్‌పోర్ట్ మీద ఎక్కడికీ వెళ్ళలేదు, అయినా పెనాల్టీ పడుతుందా? (ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మనసొప్పకపోవడం నాకు అర్థమవుతుంది గానీ మీరు వదులుకోవడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదండీ. ఓత్ తీసుకున్న రోజే అది పోయింది. 1955 పౌరసత్వ చట్టంలో రెండు వేర్వేరు సెక్షన్లున్నాయి. 8వ సెక్షన్ ప్రకారం మనమే డిక్లరేషన్ ఇచ్చి పౌరసత్వం వదులుకోవచ్చు. 9వ సెక్షన్ అలా కాదు, మన ఇష్టంతో ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలో మనదేశపు పౌరసత్వం దానంతటదే రద్దవుతుంది. ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు, ఎవరూ మనకి కాగితం పంపరు. సర్టిఫికెట్ అనేది అయిపోయిన పనికి రుజువు మాత్రమే. పాస్‌పోర్ట్ మీద ఇంకా అయిదేళ్ళ గడువు కనిపిస్తున్నా ఆ పుస్తకం మీ చేతిలో చెల్లదు, పైగా దాన్ని వాడితే 1967 పాస్‌పోర్ట్ చట్టం కింద తప్పవుతుంది.

2010 జూన్ 1 నుంచి పాత పాస్‌పోర్ట్ సరెండర్ చేసి (అప్పగించి) ఈ సర్టిఫికెట్ తీసుకోవాలన్న నిబంధన గట్టిగా అమలవుతోంది. అది లేకుండా ఓసీఐకి అడ్డదారి వెతకొద్దు. పని కూడా పెద్దదేం కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫారం నింపి, ప్రింటు తీసి, ఒరిజినల్ ఇండియన్ పాస్‌పోర్ట్, నాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ, అమెరికా పాస్‌పోర్ట్ కాపీ, అడ్రస్ ప్రూఫ్ కలిపి వీఎఫ్ఎస్ (దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీ) ద్వారా మీ కాన్సులేట్‌కి పంపాలి. టెక్సాస్ వాళ్ళకి హ్యూస్టన్. ఎక్కువ అప్లికేషన్లు వెనక్కి వచ్చేది ఎక్కడో తెలుసా, పేరు దగ్గర. మన ఇంటిపేరు ఒక పాస్‌పోర్ట్‌లో ముందుంటుంది, ఇంకో దాంట్లో వెనక ఉంటుంది, నాచురలైజేషన్ అప్పుడు కొంతమంది పేరు కుదించుకుంటారు కూడా. రెండు పాస్‌పోర్ట్‌లలో పేరు అక్షరం తేడా ఉన్నా దానికి ఆధారం జతచేయండి. పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళయితే మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ మర్చిపోకూడదు.

పెనాల్టీ గురించి కూడా అడిగారు. కొత్త పౌరసత్వం వచ్చాక పాత పాస్‌పోర్ట్‌ని మూడేళ్ళకి మించి అట్టిపెట్టుకుంటే ఒక జరిమానా, దానిమీద ప్రయాణం చేస్తే ట్రిప్పు ట్రిప్పుకీ ఇంకో జరిమానా. మీకింకా మూడేళ్ళు కాలేదు, ప్రయాణం కూడా చేయలేదంటున్నారు కాబట్టి మామూలు ఫీజుతో అయిపోతుంది. ఇంకో ఏడాది బీరువాలో పెట్టారంటే మాత్రం ఆ మాట చెప్పలేను.

ప్రశ్న: వచ్చే నెల 12న నాకు ఓత్ సెరిమనీ. ఆ పై నెలలో రాజమండ్రిలో మా చెల్లి పెళ్ళి. టికెట్లు ఆరు నెలల క్రితమే కొన్నాం. అమెరికా పాస్‌పోర్ట్ టైముకి రాకపోతే ఈ ఒక్కసారికీ ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వెళ్ళి వచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది. (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తెలుస్తుందమ్మా. రేపు మీరు పాస్‌పోర్ట్ సరెండర్ చేసేటప్పుడు అందులోని ఇమిగ్రేషన్ ముద్రల తేదీలూ నాచురలైజేషన్ సర్టిఫికెట్ మీది తేదీ పక్కపక్కనే పెట్టి చూస్తారు. అదొక్కటే కాదు, అసలు తిరిగి ఎలా వస్తారు? ఓత్ రోజు గ్రీన్‌కార్డు వాళ్ళు తీసేసుకుంటారు, అమెరికా పౌరులు అమెరికా పాస్‌పోర్ట్ మీదే దేశంలోకి రావాలి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆగిపోతారు.

నన్నడిగితే ఓత్‌నే వాయిదా వేయించుకోండి. ఓత్‌కి రమ్మని మీకు వచ్చిన ఎన్-445 నోటీసుని, ఎందుకు రాలేకపోతున్నారో రాసిన ఉత్తరంతో కలిపి యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) లోకల్ ఆఫీసుకి తిప్పి పంపితే ఇంకో తేదీ ఇస్తారు. చెల్లి పెళ్ళి అంటే మంచి కారణమే. కబురు చేయకుండా మానేయడం మాత్రం వద్దు, సరైన కారణం లేకుండా ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్ళకపోతే అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్కేస్తారు. ఓత్ వాయిదా పడితే ఇండియన్ పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ పట్టుకుని దర్జాగా పెళ్ళికి వెళ్ళి, తలంబ్రాలు చూసి రండి. వచ్చాక కొత్త తేదీకి ఓత్‌కి వెళ్ళినప్పుడు, ఇంటర్వ్యూ తర్వాత దేశం బయటికి వెళ్ళారా అని అదే ఫారం మీద అడుగుతారు, వెళ్ళానని ఉన్నదున్నట్టు రాయండి.

లేదు, 12నే కానిచ్చేస్తాను అంటే, ప్రయాణం 14 రోజుల్లో ఉన్నవాళ్ళకి పాస్‌పోర్ట్ ఏజెన్సీలో అర్జెంటు అపాయింట్‌మెంట్ ఇస్తారు, ఆ తర్వాత ఇండియాకి ఈ-వీసా. ఆ కొద్ది రోజుల్లో ఓసీఐ చేతికొస్తుందని ఆశ పెట్టుకోకండి. అన్నీ టైముకి కుదరొచ్చు, కుదరకపోవచ్చు. పెళ్ళి ముహూర్తం మీద అంత పందెం నేనైతే కాయను.

ప్రశ్న: అయ్యా, నా వయసు 72. తెనాలి దగ్గర మూడెకరాల మాగాణి ఉంది. మా అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇప్పుడే వాడి పేరున గిఫ్ట్ రాసేద్దామంటే, ఫారిన్ సిటిజన్‌కి పొలం రాయకూడదని డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. వాడు ఇండియన్ సిటిజన్‌గా ఉన్నప్పుడే రాసి ఉండాల్సిందని ఇంట్లో గొడవ.

జవాబు: డాక్యుమెంట్ రైటర్ మాట నిజమే గానీ సగమే. ఇంట్లో గొడవ మాత్రం అనవసరమండీ, ఎందుకంటే మీ అబ్బాయి భారత పౌరుడిగానే అమెరికాలో ఉన్నప్పుడు రాసినా చెల్లేది కాదు. ఇది పౌరసత్వానికి సంబంధించింది కాదు, ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టానికి సంబంధించింది. విదేశంలో ఉంటున్నవాళ్ళు, ఎన్ఆర్ఐ అయినా ఓసీఐ అయినా, మనదేశంలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, గిఫ్ట్‌గా కూడా తీసుకోకూడదు. హెచ్1బి మీద ఉన్న కుర్రాళ్ళు ఊళ్ళో పొలాలు కొంటున్నారు కదా అంటారేమో. కొంటున్నారు, అదీ నిబంధనకి విరుద్ధమే.

అయితే వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. మీరు వీలునామా రాసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి (తప్పనిసరి కాదు గానీ రేపు మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అప్పుడు వాదనలుండవు). మీ తదనంతరం అబ్బాయి ఓసీఐ అయినా పొలం ఆయనకి వస్తుంది, ఉంచుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ఇండియాలోనే ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. అమ్మిన డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్ళకి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) పడుతుంది, పన్ను కట్టి, ఆడిటర్ సర్టిఫికెట్‌తో ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకెళ్ళొచ్చు. మీ మూడెకరాలకి ఆ పరిమితి సమస్య కాదనుకుంటాను, అయితే సంతోషమే!

ఇల్లు, ఫ్లాటు, ఇళ్ళ స్థలం సంగతి వేరు. అవి మీరు ఇప్పుడే అబ్బాయికి గిఫ్ట్ రాయొచ్చు. అలాగే అమెరికా వెళ్ళకముందు, ఇక్కడ ఉన్న రోజుల్లోనే వాళ్ళ పేరున ఉన్న పొలం ఏదైనా ఉంటే, పౌరసత్వం మారినా దాన్ని ఉంచుకోవచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి, బావమరిది పేరునో పాలేరు పేరునో పెట్టి నోటిమాట మీద నడిపించడం. అలాంటి పొలాల కథలు ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో కట్టలు కట్టలున్నాయి, ఒక్కదానికీ మంచి ముగింపు లేదు.

ప్రశ్న: జర్మనీలో చట్టం మారి ఇప్పుడు రెండు పౌరసత్వాలు ఉంచుకోవచ్చంటున్నారు. అంటే నా ఇండియన్ పాస్‌పోర్ట్ నాకే ఉంటుందా? (మ్యూనిక్)

జవాబు: ఉండదు. 2024 జూన్ 27 నుంచి జర్మనీ మిమ్మల్ని పాతది వదులుకోమని అడగడం మానేసింది, అంతవరకే. మన 9వ సెక్షన్ ఎక్కడికీ పోలేదు. జర్మనీ వైపు తలుపు తీశారు, మన వైపు తలుపు మూసే ఉంది.

ఈ గందరగోళానికి మనవాళ్ళని తప్పుపట్టలేం. ఓసీఐ మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు తొలి కార్డులు ఇచ్చారు. ఆ రోజుల్లో అందరి నోటా ద్వంద్వ పౌరసత్వం అనే మాటే. పేరులో సిటిజన్ అని ఉంది కాబట్టి ఇంకా అలాగే అనుకుంటున్నారు. అది జీవితకాలపు వీసా. ఎన్నాళ్ళున్నా పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు.

ప్రశ్న: మా పాప హైదరాబాద్‌లో పుట్టింది, తొమ్మిదేళ్ళు, గ్రీన్‌కార్డు మీద మాతోనే ఉంటోంది. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. పాపకి వేరే అప్లై చేయాలా?

జవాబు: వేరే ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) అక్కర్లేదు. 18 ఏళ్ళలోపు పిల్లలు గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉంటున్నారు కాబట్టి మీ ఓత్ రోజే పాప కూడా అమెరికా పౌరురాలైపోయింది. పాస్‌పోర్ట్ తీసుకోండి చాలు. ఇండియన్ పాస్‌పోర్ట్ మాత్రం పాపది కూడా సరెండర్ చేయాలి, ఫారాల మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉండాలి. చాలామంది తమది చేసి పిల్లలది మర్చిపోతారు, తర్వాత ఓసీఐ దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: అబ్బాయి ఓటరు కార్డు, ఆధార్, పాన్ నా దగ్గరే ఉన్నాయి. ఏం చేయమంటారు? (కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి)

జవాబు: ఓటు తీసేయించండమ్మా, ఫారం 7 ఉంటుంది. పౌరుడు కానివాళ్ళ పేరు జాబితాలో ఉండకూడదు. పాన్ ఉంచండి, ఇక్కడ ఆదాయం ఉన్నంతకాలం కావాలి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, దాన్ని చూపించి నేను ఇండియన్‌ని అని ఎక్కడా సంతకం పెట్టకుండా ఉంటే చాలు.

ప్రశ్న: ఇంకో ఆరేడేళ్ళలో వెనక్కి వచ్చేస్తాం. అప్పుడు అమెరికా పౌరసత్వం వదిలేసి మళ్ళీ ఇండియన్ కావచ్చా? (సియాటెల్)

జవాబు: కావచ్చు, కానీ పోయినంత తేలిగ్గా రాదు. ఓసీఐగా అయిదేళ్ళు నమోదై ఉండి, అప్లై చేసే ముందు పన్నెండు నెలలు ఇండియాలో నివాసం ఉంటే 5వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ అడగొచ్చు. ఆ పన్నెండు నెలల లెక్క ఎంత ఖచ్చితమో వేములవాడ వాళ్ళనడగండి. అక్కడి మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరసత్వం నుంచి మళ్ళీ మన పౌరసత్వం తీసుకున్నప్పుడు తేలని ప్రశ్న అదే. ఏళ్ళ తరబడి కేసు నడిచి, 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన్ని జర్మన్ పౌరుడిగానే తేల్చి 30 లక్షలు కట్టమంది.

అమెరికా వైపు పని కూడా అక్కడ కూర్చుని అయ్యేది కాదు. ఆ దేశం బయట ఉన్న కాన్సులేట్‌లో, మనకైతే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, అధికారి ఎదుట స్వయంగా ప్రమాణం చేసి వదులుకోవాలి. గత అయిదేళ్ళ టాక్సులు సరిగ్గా ఉండాలి, ఆస్తి ఇరవై లక్షల డాలర్లు దాటితే ఎగ్జిట్ టాక్స్ (పౌరసత్వం వదులుకునేవాళ్ళ మీద వేసే పన్ను) లెక్క కూడా వస్తుంది. ఇక్కడి పౌరసత్వం ఖాయమయ్యే దశకి రాకుండా అక్కడిది ముందే వదిలేశారంటే ఏ దేశానికీ చెందకుండా మిగులుతారు. చాలామందికి ఓసీఐతోనే బతుకు గడిచిపోతుంది. ఎన్నికల్లో నిలబడాలనో, ఓటు వేయాలనో, పొలం కొనాలనో గట్టిగా ఉంటేనే ఈ దారి పట్టండి. పొలానికైతే ముందు ఇక్కడికొచ్చి స్థిరపడితే సరిపోతుందేమో ఆడిటర్‌ని అడగండి.

ప్రశ్న: సరెండర్ చేసిన పాస్‌పోర్ట్ తిరిగి ఇస్తారా? నా మొదటి వీసా అందులోనే ఉంది.

జవాబు: ఇస్తారు. క్యాన్సిల్ చేసినట్టు ముద్ర కొట్టి సర్టిఫికెట్‌తో పాటు పంపుతారు. ఓసీఐ అప్లికేషన్‌కి దాని కాపీ మళ్ళీ అడుగుతారు, కవరుతో సహా చెత్తలో పారేయకండి.