ఎర్ర సిరా ఎర్రగానే పడాలంటే

ప్రశ్న: హైస్కూల్లో తెలుగు చెబుతాను. నాన్నగారు వాడిన రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను నా దగ్గరుంది, డ్రాపర్‌తో సిరా పోసుకునేది. పేపర్లు దాంతోనే దిద్దాలని నా ఆశ. షాపులో దొరికిన ఎర్ర సిరా పోస్తే వెలిసిపోయిన గులాబీ రంగు పడుతోంది, పైగా పాళీ గీరుకుంటోంది. చిక్కగా, ధారాళంగా పడే ఎరుపు ఏదైనా చెప్పండి.
— ఒక ఉపాధ్యాయురాలు, కాకినాడ

జవాబు: నాన్నగారి పెన్నును పెట్టెలో దాచేయకుండా పనిలో పెడుతున్నారు, చాలా సంతోషం.

మీరు అడిగిన చిక్కదనం, ధారాళం రెండూ ఒకటి కాదండీ. నీళ్లలో ఎంత రంగు కరిగి ఉందన్నది చిక్కదనం. పాళీ నుంచి ఎంత సులువుగా జారుతుందన్నది ఎక్కువగా సిరా తలతన్యత (పైపొర బిగువు) మీద ఆధారపడుతుంది, అంటే చిక్కటి సిరా కూడా పొడిపొడిగా పడొచ్చు. సిరా తక్కువ పడితే మంచి ఎరుపు కూడా గులాబీగానే కనిపిస్తుంది. అందుకే కొత్త సీసా కొనేముందు పెన్నును చన్నీళ్లతో బాగా కడగండి, పాళీ కింది ఫీడ్‌లో పాత సిరా గడ్డకట్టి ఉంటే ఏ సిరా పోసినా ఇదే గొడవ. ఎబొనైట్ బాడీని మాత్రం గంటల తరబడి నానబెట్టొద్దు, వేడినీళ్లు అసలే వద్దు, మెరుపు పోతుంది.

కడిగాక కూడా అలాగే ఉంటే నా ఓటు డయమైన్ వాళ్ల రెడ్ డ్రాగన్‌కి. 1864లో మొదలైన ఇంగ్లండు కంపెనీ అది. నిండు ఎరుపు, గులాబీ వైపు పోదు, పిల్లల నీలం రాత మధ్య మీ దిద్దుబాటు స్పష్టంగా కనిపిస్తుంది. అదే కంపెనీ ఆక్స్‌బ్లడ్ ఇంకా ముదురు, ఆరాక గోధుమ రంగు కలిసిన రక్తంలా ఉంటుంది. ఉత్తరాలకు నాకు ప్రాణం గానీ నల్ల సిరాతో రాసిన పేపర్ల మీద అంతగా తేలదు. పైలట్ కంపెనీ సిరా ఇరోషిజుకు మోమిజి హాయిగా జారుతుంది, కానీ అందులో గులాబీ ఛాయ ఉంది, మీరు వద్దంటున్నది అదే కదా. పెలికాన్ 4001 ఎరుపు కాస్త పొడిగా నడిచే సిరా, కక్కే పెన్నులకు మంచి మందు, మీకు పనికిరాదు.

అసలు చిక్కు కాగితంతో వస్తుంది. పరీక్ష పేపర్లు చవక రకమైతే ధారాళమైన సిరా పీచులు పీచులుగా పాకి వెనక పేజీలోకి దిగుతుంది. పాళీ లావుగా ఉంటే మరీను. చిక్కటి ఎరుపు నెమ్మదిగా ఆరుతుంది కూడా, మార్కులు వేసిన వెంటనే పేజీ తిప్పితే అలుక్కుపోతుంది.

డ్రాపర్ పెన్ను ఏ కంపెనీదైనా, సిరా అడుక్కి వచ్చేసరికి లోపల గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి ఆ గాలి ఉబ్బి సిరాను బయటికి తోస్తుంది. మూడో వంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపండి. సెలవులకు ముందు ఖాళీ చేసి కడిగేయండి, చిక్కటి సిరా ఎండితే వదలదు.

సిరా చక్కగా పడాలని సబ్బు కలపమని ఎవరైనా చెబితే కలపొద్దు, కొలత తప్పితే రాత మొత్తం పాకుతుంది. సిరాలో ముంచి రాసే డిప్ పెన్నుల కోసం చేసే ఇండియన్ ఇంకు అసలే పోయొద్దు, అందులో ఉండే లక్క ఫీడ్‌ను పూడ్చేస్తుంది. రిజిస్టర్లలో కూడా ఈ ఎరుపు వాడకండి, నీళ్లు పడితే కరిగిపోతుంది, ఎండ తగిలితే వెలుస్తుంది. సీసా రాగానే పోయిన ఏడాది పేపరు ఒకటి తీసి, వెనకవైపు నాలుగు లైన్లు రాసి చూడండి.