కార్బన్ ఫైబర్‌కు ఎపాక్సీ ఎందుకు సరిగా అంటదు?

నల్గొండలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడి ప్రశ్న: ప్రాజెక్టుకు చేసిన కార్బన్ ఫైబర్ పలక పొరలు పొరలుగా ఊడొస్తోంది, పోగుకు ముందే ఏదైనా చేయాలా?

చేయాలి, కానీ అది సాధారణంగా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. ఈ పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో తయారయ్యాక పైభాగం నున్నగా, రసాయనికంగా మొద్దుగా ఉంటుంది. రెజిన్‌కు, అంటే ఎపాక్సీ లాంటి గట్టిపడే జిగురుకు, పట్టు దొరకదు. అందుకే పోగుల కట్టను అమ్మోనియం బైకార్బొనేట్ లాంటి ద్రావణంలో నడిపిస్తూ కరెంటు పంపిస్తారు. పోగే ఆనోడ్, అంటే పాజిటివ్ కొస. పైనున్న బలహీనమైన పొర పోతుంది, ఆక్సిజన్ ఉన్న హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ గుంపులు చేరతాయి. ఎపాక్సీని పట్టుకునేవి ముఖ్యంగా ఇవే. కాంక్రీటు స్తంభానికి మేస్త్రీ గాట్లు కొట్టి ప్లాస్టరింగ్ చేసినట్టు గరుకుదనం కూడా కొంత సాయపడుతుంది, కానీ అసలు పని రసాయనానిదే.

తర్వాత కడిగి, ఆరబెట్టి, సైజింగ్ అనే పలుచని పూత పూస్తారు. మన దగ్గర నేతవాళ్లు నూలు పడుగుకు గంజి పెట్టడం లాంటిదే. బరువులో సుమారు 1 శాతం. నీ కార్బన్ ఫైబర్ బట్టను ముందుగా అసిటోన్‌తో కడిగావా? అయితే ఆ గంజి పోయినట్టే. పాలియెస్టర్ రెజిన్ కోసం పూసిన సైజింగ్ మీద ఎపాక్సీ వేసినా పట్టు తగ్గొచ్చు, కొన్నచోట అడుగు.

హాస్టల్ గదిలో నైట్రిక్ ఆమ్లంతో ప్రయోగాలు మాత్రం వద్దు. ఆ పొగ ప్రమాదం. పైగా ట్రీట్‌మెంట్ ఎక్కువైతే పోగే బలం కోల్పోతుంది. పట్టు మరీ గట్టిదైనా పలక పెళుసుగా విరుగుతుంది.